ఎర్ర గీత లేని చోట

జనవరి 11

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదానికి జవాబు రాసేలోపు రెండోది వచ్చింది. మూడోది కూడా వచ్చేస్తుందేమోనని భయపడి ఈ ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను.

ఫోన్ చేసుకోవచ్చు కదా అంటారు మా ఆఫీసులో. మా అక్క ముప్ఫై నాలుగేళ్ళుగా కోర్టులో సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు చేస్తోంది, సాయంత్రమయ్యేసరికి మనిషి గొంతు వినాలంటేనే ఆవిడకి విసుగు అని చెబుతాను. అసలు కారణం చెప్పను. అది నువ్వే అన్నావు ఒకసారి: "ఫోన్లో నువ్వు ఊఁ, ఊఁ అంటావు. ఆ ఊఁ వెనకాల కాగితాలు తిప్పే చప్పుడు వినిపిస్తుంది నాకు."

కాగితాలు నిజమే. ఇప్పుడు చేతిలో ఉన్నది వంతెనలు కట్టి రిటైరైన ఒక ఇంజనీరుగారి ఆత్మకథ. తొమ్మిది వందల పేజీలు. మూడు వందలు చాలంటాడు మా ప్రచురణకర్త. ఆరు వందల పేజీలు కొట్టెయ్యడం నా పని. ఆయనా నీలాంటివాడే. పునాది లోతు చెబుతూ చెబుతూ పక్కకు వెళ్ళిపోతాడు, మళ్ళీ పునాది దగ్గరికి రావడానికి నాలుగు పేజీలు పడుతుంది. కాలేజీలో దీన్ని శాఖాచంక్రమణం అని నేర్పారు మాకు, ఏదో అలంకారమన్నట్టు. ఇక్కడికొచ్చాక తెలిసింది, అది జీతం తీసుకుని తీసెయ్యాల్సిన వస్తువని.

నీ పోయిన ఉత్తరం ఆరు పేజీలు. రెండో పేజీలో వేళ్ళ నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళానని మొదలుపెట్టావు. అక్కడి పేము కుర్చీల గురించి, అవి అల్లినాయన గురించి, ఆయన తోడల్లుడి గురించి రాసి, డాక్టరు ఏమన్నాడో రాయకుండానే సంతకం పెట్టేశావు. అందుకని ఒక పద్ధతి పెడదాం. ఇందులో ఎర్ర పెన్సిలు పంపుతున్నాను. నేను తప్పకుండా జవాబు రాయాల్సిన వాక్యం కింద గీత గియ్యి. ముందు వాటికి జవాబు రాసేస్తాను. మిగతాది తీరిగ్గా చదువుకుంటాను.

ఇలా అడగడం బాగుందో లేదో తెలియడం లేదు. అలిసిపోయి ఉన్నాను, అంతే.

నువ్వు పెట్టిన పేరుకు తగ్గ
కత్తెర


జనవరి 24

కత్తెరమ్మా,

పెన్సిలు అందింది. మొన దారిలోనే విరిగింది. ఆఫీసులో కూర్చుని చెక్కుకుంటుంటే బెంచి గుమాస్తా చూసి, "ఏంటి మేడమ్, రిటైరయ్యేముందు బొమ్మలెయ్యడం నేర్చుకుంటున్నారా" అన్నాడు. అవునయ్యా, ముందు నీ బొమ్మే వేస్తాను, కదలకుండా కూర్చోవడం నీకొక్కడికే వచ్చు అన్నాను.

డాక్టరు ఏమీ అనలేదు. ఈ వేళ్ళు ఇన్నేళ్ళూ పరిగెత్తాయి, ఇకనైనా నడవనివ్వండి అన్నాడు. మే ఆఖరు దాకా పరిగెత్తక తప్పదు కదా.

నిన్న ఒకావిడ సాక్ష్యానికి వచ్చింది. గోదాము గేటుకి తాళం వేసింది ఎవరో చూశావా అని అడిగారు. "చూశానండి, ఆ పొడుగాయనే వేశాడండి" అంది, గుక్క తిప్పుకోకుండా. తర్వాత ఎవరూ అడక్కుండానే ఆ రోజు తన చెప్పు తెగిన సంగతి ఎత్తుకుంది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వెళితే కుట్టేవాడు లేడట. వాడొచ్చేదాకా మెట్ల మీద కూర్చుందట, ఎండ దిగిపోయిందట. జడ్జిగారు "అమ్మా, నీ చెప్పుల గొడవ కోర్టుకెందుకు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే టైపు చేశాను. సాయంత్రం అవతలి వకీలు ఆ కాగితం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. చెప్పులు కుట్టేవాడు కూర్చునేది ఊరికి ఆ చివర, గేటు ఈ చివర. తాళం వెయ్యడం ఆవిడ చూసే వీలే లేదు. అడిగినప్పుడు చెప్పింది ఎవరో నేర్పిన మాట. అడగకుండా చెప్పిందే ఆవిడ సొంత మాట.

మా ఇల్లుగలాయన, అదే, కింద వాచీలు బాగుచేసే ఆయన, మెట్లకి కొత్త కమ్మీ వేయిస్తూ సగంలో ఆపేశాడు. ఏమయ్యా ఇలా వదిలేశావు, పట్టుకుందామంటే చెయ్యి గాల్లోకి పోతోంది అన్నాను. "జూన్ ఒకటికల్లా కొట్టేసేవే కదమ్మా ఈ మెట్లు, మీ పై వాటాతో సహా" అన్నాడు. అలా తెలిసింది నాకు. చెప్పడానికి ఎంత అవస్థ పడ్డాడో, చేతిలో వాచీకి మూడుసార్లు కీ ఇచ్చాడు. ఆ వాచీ బడి పంతులమ్మది. రోజూ పది నిమిషాలు ముందుకు పోతుందని బాగుచేయమని ఇచ్చింది. ఆవిడ పెళ్ళికి ఆ వాచీ ఎవరు పెట్టారో అదో పెద్ద కథ, తర్వాత రాస్తాను.

నీ రెండో గది కిటికీ తూర్పుకే కదూ. రిటైరయ్యాక నిన్ను ఆ కిటికీ దగ్గర కూర్చోబెడతానక్కా అన్నావు, పదేళ్ళ కిందట నన్ను బస్సెక్కిస్తూ. బస్సు కదులుతుండగా అన్న మాటలు ఎవరు రాసిపెడతారులే, నాలాంటి టైపు మనిషి తప్ప.

ఇవి రెండూ గీత గీసినవి: నీ మోకాలు ఎలా ఉంది? అమ్మ ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఇంకా రెండో గదిలోనే ఉందా?

అక్క


ఫిబ్రవరి 9

అక్కా,

గీతలకు జవాబులు. మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప గుర్తుకు రావడం లేదు. ట్రంకు పెట్టె ఉంది, కానీ రెండో గదిలో లేదు. బాల్కనీలోకి జరిపించాను. ఆ గది నిండా ప్రూఫు కాగితాలే, కిటికీ మూసుకుపోయేదాకా పేర్చాను. ఇక అందులో మనిషి పట్టే చోటు లేదు. తలుపు దగ్గరికి వేసి ఉంచేస్తున్నాను.

ఇంజనీరుగారిని ఐదు వందల పేజీల దాకా తెచ్చాను. ప్రతి పక్కదారి మొదట్లోనూ మార్జిన్లో "అప్రస్తుతం" అని రాసి, చివర దాకా ఒకే గీత లాగేస్తున్నాను. రోజంతా ఇదే పని చేస్తే ఏమవుతుందో తెలుసా. నిన్న లిఫ్టులో పక్కింటావిడ వాళ్ళ నీళ్ళ మోటారు గురించి చెబుతుంటే, మధ్యలో ఏ వాక్యాలు తీసెయ్యొచ్చా అని చూస్తున్నాను. ఇది జబ్బేమో. లేక ఇన్నాళ్ళకు పని బాగా వచ్చిందో.

మన పద్ధతి బాగుంది చూశావా, ఒక్క పేజీలో అయిపోయింది.

కత్తెర


ఫిబ్రవరి 26

చెల్లీ,

ఆ గది సంగతి రాసి మంచి పని చేశావు. తెలిసింది. నీ పని అలాంటిది, కాగితాలకు చోటు కావాలి. నేను వేరేగా ఏమీ అనుకోలేదు.

కోర్టు లైబ్రరీ చూసే మేడమ్ నిరుడు రిటైరైంది కదా, ఆవిడతో కలిసి పోయిన ఆదివారం ఒక హాస్టలుకి వెళ్ళాను. రిటైరైన ఆడవాళ్ళకట. వార్డెనమ్మ మర్యాదస్తురాలు. గదిలో మంచం, బీరువా, కిటికీ ఉన్నాయి. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, చెయ్యి చాపితే అందుతుంది. నేను అలా చెయ్యి చాపి చూస్తుంటే లైబ్రరీ మేడమ్, "ఎండా రాదు, వానా రాదు, ఫలానా ఫైలేదని ఎవడూ రాడు, ఇంకేం కావాలే నీకు" అంది. ఖాళీ ఒకటే ఉందట. ఆవిడకీ కావాలి, కానీ "ముందు నువ్వు తీసుకో, నీకు ఇల్లు పోతోంది, నేను కొడుకింట్లో ఇంకో ఏడాది పళ్ళ బిగువున లాక్కొస్తాను" అంది. ఏప్రిల్ ఇరవైన వచ్చి సంతకం పెట్టాలట. వార్డెనమ్మ నియమాలు చదివి వినిపించింది, మొత్తం పద్నాలుగు. ఆవిడ చదువుతుంటే ఒళ్ళో నా వేళ్ళు వాటంతటవే టైపు చేసుకుపోయాయి. లైబ్రరీ మేడమ్ చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కొళాయి మాత్రం చక్కగా తిరుగుతోంది. మా ఇంట్లో కొళాయి సంగతి నీకు తెలుసుగా, నువ్వు ఇంటరు చదివేటప్పుడు గుడ్డపేలిక చుట్టావు. ఆ ముడి ఇంకా ఉంది.

గీత గీసింది ఇదొక్కటే: ఇంజనీరుగారి పుస్తకం ఎప్పుడు అచ్చవుతుంది?

అక్క


మార్చి 14

అక్కా,

పుస్తకం మే నెలకి వస్తుంది. నిన్నటికి మూడు వందల ఇరవై పేజీలు. కొట్టివేతలతో సహా ఆ రాతప్రతిని ఇంజనీరుగారికి పంపాను.

నీ ఉత్తరం బస్సులో పైపైన చూశాను. లైబ్రరీ మేడమ్‌కి హాస్టల్లో గది దొరికినట్టుంది, సంతోషం. ఆవిడకి తోడుగా వెళ్ళడం నీ మంచితనం.

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు. అన్ని పేజీల్లో గీత పడ్డది ఒక్క వాక్యానికి. అది కూడా నా పుస్తకం గురించి. మిగతాదంతా నాకోసం రాస్తున్నావా, నీకోసం రాసుకుంటున్నావా? ఆఫీసులో ఎనిమిది గంటలు ఇదే చదివి ఇంటికొస్తే, ఇంట్లోనూ ఇదే. చెప్పాల్సింది ఏదైనా ఉంటే సూటిగా చెప్పొచ్చు కదా.

ఈ ముక్క కొట్టేద్దామని పెన్సిలు తీశాను. మొదటిసారిగా చెయ్యి రాలేదు. ఉండనీ.

చెల్లి


మార్చి 29

చెల్లీ,

నేను క్షేమం. మే 31న రిటైరవుతున్నాను. ఏప్రిల్ 20న సంతకం. జూన్ ఒకటి నుంచి చిరునామా మారుతుంది, కొత్తది పంపుతాను. మోకాలికి మందు వాడు.

అన్నిటి కిందా గీశాను.

అక్క


ఏప్రిల్ 9

అక్కా,

మొన్న శనివారం ఇంజనీరుగారు మా ఆఫీసుకి వచ్చారు. ఎనభై రెండేళ్ళు. మూడంతస్తులు నడిచే ఎక్కారు, లిఫ్టు కట్టిన తీరు నచ్చలేదట. కుర్చీలో కూర్చుని, కాసేపు ఆయాసం తీర్చుకుని, ఆ రాతప్రతి నా ముందు పెట్టారు. "అమ్మాయ్, బాగా చేశావు. వంతెనలన్నీ ఉన్నాయి. మా ఆవిడేదీ?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. వెతికాను. మూడు వందల ఇరవై పేజీల్లో ఆవిడ లేదు. పెళ్ళి తేదీ ఒకటి ఉంది, అంతే. తర్వాత పాత ప్రతి తీశాను. గాలివానకు గుడారం ఎగిరిపోతే నక్షాలన్నీ నడుముకు చుట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నది ఆవిడే. అది మూడో వంతెన పునాది మధ్యలో ఉంది, పక్కన నా చేతిరాత, "అప్రస్తుతం". కూలీల పిల్లలకి దెబ్బలు తగిలితే కట్టుకట్టింది ఆవిడే. అదీ అప్రస్తుతమే. ఆవిడ ఎక్కడ కనబడ్డా ఆయన అసలు సంగతి వదిలి పక్కకు వెళ్ళినప్పుడే కనబడింది. ఆయన పక్కకు వెళ్ళిన చోటల్లా నేను కొట్టేశాను.

ఆవిడ మీద విడిగా ఒక అధ్యాయం రాయాల్సింది కదండీ అన్నాను, తప్పు ఆయన మీదికి నెట్టేద్దామని. ఆయన సిగ్గుపడ్డారు. "సూటిగా ఆవిడ గురించి ఏం రాస్తానమ్మా. నేను ఎటు పోతున్నా ఆవిడే తగిలేది" అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికొస్తే బల్ల మీద నీ ఉత్తరం ఉంది, అన్ని వాక్యాల కిందా ఎర్ర గీతలతో. వచ్చి అప్పటికి రెండు రోజులైంది. సంతకం దేనికో ఎంత ఆలోచించినా తట్టలేదు. జనవరి నుంచి నువ్వు రాసినవన్నీ తీసి, గీతలున్న చోట ఒక కార్డు అడ్డం పెట్టి మిగతాది చదివాను. వాచీకి మూడుసార్లు కీ ఇచ్చిన చోట ఆగిపోయాను. కిటికీ తెరిస్తే అందే గోడ దగ్గర ఇంకాసేపు. "మనిషి పట్టే చోటు లేదు" అని నీకు రాసింది నేనే కదా. ట్రంకు పెట్టె గురించి అడిగావు, ట్రంకు పెట్టె గురించి చెప్పాను. ఎవరో నేర్పిన సాక్షిలాగా.

ఫోన్ తీశాను. నువ్వు "ఏం లేదే, బానే ఉన్నాను" అంటావు, నేను ఊఁ అంటాను. మళ్ళీ పెట్టేశాను.

మా ఇంట్లో వడ్రంగి పని జరుగుతోంది. పెద్దమనిషే కానీ కొలతలు ఒకపట్టాన తెమల్చడు, ప్రతి మేకుకీ ఏదో ఒకటి చెబుతాడు. ప్రూఫులన్నీ ఆఫీసు గోదాముకి పంపించాను, మూడు ఆటోలు పట్టాయి. కిటికీ కనబడింది. ఎన్నాళ్ళకో ఎండ నేల మీద పడితే ఆ నాపరాయి రంగు ఇదా అనుకున్నాను. కిటికీ పాత గడియ తుప్పు పట్టి ఊడిపోయింది, కొత్తది కుడివైపు పెట్టించాను. ట్రంకు పెట్టె వానకి తడిసి ఒక మూల రంగు పోయింది, తుడిచి లోపలికి తెచ్చాను.

నేను ఒక్కదాన్నే ఉండబట్టి పదకొండేళ్ళు. పొద్దున లేవగానే ఎవరైనా మాట్లాడితే నాకు పడదు. నువ్వు కళ్ళు తెరవకముందే మొదలుపెడతావు. మనిద్దరం నాలుగు రోజులు ఒకచోట ఉంటే మూడో రోజు తగువు పడతాం. అదీ ఆలోచించాను. జాలిపడి రాస్తున్నానా, తప్పు చేశానని రాస్తున్నానా అని రెండు రోజులు నన్ను నేనే బోనెక్కించాను. తీర్పు రాలేదు. ఆ లోపల వడ్రంగి వచ్చేశాడు.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అమ్మ ఆస్పత్రిలో ఉన్న ఆ రెండు నెలలూ నన్ను బడికి నువ్వే తీసుకెళ్ళావు. దగ్గర దారి ఉన్నా రంపం మిల్లు మీదుగా చుట్టూ తిప్పేదానివి. రంపపు పొట్టు కుప్పలు చూపించేదానివి, ఆ మిల్లులో పిల్లి గురించి రోజుకో కథ చెప్పేదానివి. కాళ్ళు నొప్పులని నేను ఏడ్చేదాన్ని. మా అక్కకి దారి తిన్నగా నడవడం రాదని బళ్ళో అందరికీ చెప్పాను. దగ్గర దారిలో ఆస్పత్రి ఉంది. అది నాకు నిన్న తట్టింది, నలభై ఆరేళ్ళ వయసులో, వడ్రంగికి కాఫీ ఇస్తూ.

ఈ ఉత్తరంలో ఎక్కడా గీత గీయలేదు. నేను అడగాల్సింది ఎక్కడో ఒక పక్కన పడి ఉంటుంది. నీకు కనబడుతుంది.

కత్తెర


ఏప్రిల్ 16

కత్తెరమ్మా,

ఆ పిల్లి నిజంగానే ఉండేది. కథలే నావి. మిల్లాయన మనల్ని రోజూ చూసి, "ఈ పిల్లకి బడి ఇష్టం లేదా అమ్మా, ఇంత చుట్టు తిప్పుతున్నావు" అనేవాడు. నాకే ఇష్టం లేదండీ అనేదాన్ని. నీకు తెలియకుండా పోతుందనుకున్నాను. ఇన్నేళ్ళు పట్టింది, ఫరవాలేదు.

చెప్పు తెగినావిడ మళ్ళీ వచ్చింది. ఈసారి జడ్జిగారే, "అమ్మా, ఆ చెప్పుల సంగతి ఇంకోసారి చెప్పు, తొందరేం లేదు" అన్నారు. ఆవిడకి అనుమానం వచ్చింది పాపం, ఒక్క ముక్క మాట్లాడితే ఒట్టు. ఆ రోజు నాకు టైపు చెయ్యడానికి ఏమీ లేదు. ఖాళీ కాగితం ముందు కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను. బెంచి గుమాస్తా "ఏ కేసు మేడమ్ అది, అంత పొడుగ్గా ఉంది" అన్నాడు. పాతదిలే, వాయిదాల మీద నడుస్తోంది అన్నాను.

లైబ్రరీ మేడమ్ ఇంకో ఏడాది లాక్కొస్తానందా, అంతా ఉత్తుత్తిదే. నిన్న అడిగితే పెట్టె అప్పటికే సర్దుకుని ఉంది. ఇరవయ్యో తారీకున సంతకం ఆవిడ పెడుతుంది. ఆ పద్నాలుగు నియమాలూ గుర్తున్నంతవరకు టైపు చేసి ఆవిడకిచ్చాను. చదివి, "పదో నియమం మొదటి రోజే దాటేస్తాను" అంది. గోడ చూసి దిగులుపడే మనిషి కాదులే. కోర్టు లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు బీరువాలు చూసింది.

పొద్దున తొమ్మిది దాకా నోరెత్తను. తొమ్మిదిన్నర అనకు, నా వల్ల కాదు. మూడో రోజు తగువుకి నేనూ సిద్ధంగానే ఉంటాను. నువ్వు జాలితో పిలిచావో, తప్పు చేశానని పిలిచావో నాకూ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. చాలా అలిసిపోయానే. ఎండ పడే చోట ఒక కుర్చీ ఉంటే చాలు.

వాచీల ఆయన నేను వెళ్ళేదాకా మెట్ల కమ్మీకి తాడు కట్టిస్తానన్నాడు. తాడు కడితే ఎలా ఉంటుందో చూశాను, పర్వాలేదు. పంతులమ్మ వాచీ మాత్రం ఇంకా పది నిమిషాలు ముందే నడుస్తోంది. ఆ కథ ఉత్తరంలో పట్టదు, జూన్‌లో చెబుతాను.

ఇక కింద గీసింది ఒక్కటి చూసుకో. గడియ కుడివైపు పెట్టించానని రాశావు. నాది ఎడమచేతి వాటం, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. దీనికి జవాబు అక్కర్లేదు. వడ్రంగికి చెప్పు, వెళ్ళిపోకముందే.

అక్క